మళ్లీ కొనాల్సి వస్తే అదే స్పోర్ట్స్ కారు కొంటారా? వైజాగ్ ఓనర్లు చెప్పండి

ఎండాడ_మలుపు | #1

అందరికీ నమస్కారం. ఇల్లు ఎండాడలో, బాల్కనీలోకి సముద్రం గాలి నేరుగా కొడుతుంది. సెకండ్ హ్యాండ్‌లో పోర్షే 718, బీఎండబ్ల్యూ జెడ్4 ఎం40ఐ చూస్తున్నాను. ఇంట్లోవాళ్ల కోసం స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్ కూడా లిస్టులో పెట్టాను. నెట్‌లో రివ్యూలన్నీ ఢిల్లీ, బెంగళూరు వాళ్లవే. ఇక్కడి ఉప్పుగాలి, ఇక్కడి సెల్లార్లు, పెద్ద పని పడితే హైదరాబాద్ దాకా సుమారు 620 కిలోమీటర్లు. ఇవన్నీ తెలిసాక కూడా మీ దగ్గరున్న కారునే మళ్లీ కొంటారా? కొంటే ఏం మార్చి కొంటారు? "నడిపితే తెలుస్తుంది" అనే జవాబు వద్దండి. ఏది అరుగుతుంది, ఏది తుప్పు పడుతుంది, ఏ ఆప్షన్ జోలికి పోకూడదు, అవి చెప్పండి చాలు.

వాల్తేరు718 | #2

718 కేమన్, 2.0 టర్బో. కళ్లు మూసుకుని మళ్లీ అదే కొంటాను, ఆప్షన్లు మాత్రం పూర్తిగా మార్చేస్తాను.

ముందు చక్రాలు. 20 అంగుళాల రిమ్ములకి ముందు టైరు 235/35, అంటే సైడ్‌వాల్ ఎత్తు 82 మి.మీ. 18 అంగుళాలకి 235/45, అంటే 106 మి.మీ. వెనక 265/35కి 93, 265/45కి 119. చక్రం మొత్తం వ్యాసం మాత్రం దాదాపు ఒక్కటే, ముందు 669 నుంచి 673 మి.మీ. లోపు, వెనక 694 నుంచి 696 లోపు. కాబట్టి స్పీడోమీటరు తప్పు చూపదు, గేరింగ్ మారదు. మారేదల్లా గుంత అంచుకీ రిమ్ముకీ మధ్య ఉండే ఆ 24 మి.మీ. మాత్రమే. వానాకాలంలో హనుమంతవాక దగ్గర నీళ్లు నిండిన గుంత ఎంత లోతుందో పైకి తెలియదు. 20 అంగుళాల రిమ్ము అక్కడే పగులుతుంది, అదీ లోపలి అంచున. బయటికి ఏమీ కనపడదు, టైరులో గాలి రోజూ కొంచెం కొంచెం దిగిపోతూ ఉంటుంది. ఎస్ మోడల్ 19తో వస్తుంది, అక్కడే ఆగండి. బేస్ మోడల్ అయితే 18.

తర్వాత సస్పెన్షన్. పీఏఎస్ఎం (గట్టిదనం తనే మార్చుకునే ఎలక్ట్రానిక్ సస్పెన్షన్) పెట్టిస్తే కారు 10 మి.మీ. దిగుతుంది, స్పోర్ట్ ఛాసిస్ అయితే 20. మామూలు స్ప్రింగులున్న కారే ఇక్కడికి సరైనది. 911కి ముక్కు పైకి లేపే ఏర్పాటు ఆప్షన్‌గా దొరుకుతుంది, మామూలు 718కి అది లేదు. దిగిపోయిన మిల్లీమీటర్లు ఇక తిరిగి రావు. సెకండ్ హ్యాండ్ కారైతే అమ్మేవాళ్లని సర్వీస్ బుక్కులో ఉండే ఆప్షన్ కోడ్ల స్టిక్కర్ ఫొటో అడగండి, మాటలు నమ్మకండి.

మూడోది ఎవరూ చెప్పనిది. ఇంజిన్ మధ్యలో ఉన్నా రేడియేటర్లు ముందు బంపర్ లోపల రెండు పక్కలా ఉంటాయి, వాటి ముందు ఏసీ కండెన్సర్లు. బంపర్ నోళ్లలోంచి ఆకులు, బీచ్ ఇసుక, ప్లాస్టిక్ కాగితాలు లోపలికి పోయి కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ నడుమ మెత్తలా పేరుకుంటాయి. ఆ మెత్త ఉప్పు తేమని పట్టుకుని ఉంటుంది. అల్యూమినియం ఫిన్నులు తెల్లగా పొడిపొడి అవుతాయి, వేలు పెడితే రాలిపోతాయి, చివరికి గ్యాస్ లీకవుతుంది. ఏడాదికోసారి బంపర్ ఊడదీయించి, కండెన్సర్ బోల్టులు వదులు చేసి, మధ్యలోదంతా వాక్యూమ్‌తో లాగించాలి. ప్రెషర్ వాషర్ పెట్టనివ్వకండి, ఫిన్నులు పడుకుంటాయి. తర్వాత 5-6 మి.మీ. కన్నాల జాలీ వేయించండి. అంతకంటే సన్నదైతే గాలి ఆగిపోయి ఘాట్‌లో వేడెక్కుతుంది.

నాలుగు సిలిండర్ల శబ్దం నచ్చక ఆరు సిలిండర్ల జీటీఎస్ 4.0కి వెళ్లేవాళ్లున్నారు. వెళ్లండి, గొప్ప ఇంజిన్. ఊళ్లో మాత్రం 1,950 ఆర్పీఎం దగ్గరే 380 న్యూటన్ మీటర్లు ఇచ్చే 2.0 టర్బోనే హాయి.

గాజువాక_అలైన్‌మెంట్ | #3

718 గారు చక్రాల గురించి చెప్పింది అక్షరాలా నిజం. దానికి కొన్ని కలుపుతాను.

ముందూ వెనకా వేర్వేరు సైజులున్న కారుకి టైర్లు రొటేషన్ చేయలేం. కాబట్టి వెనక జత ముందే అయిపోతుంది. ఆ లెక్క కొనేటప్పుడే వేసుకోండి. పోర్షేకి టైరు మీద ఎన్0, ఎన్1 అని పోర్షే ఆమోదం గుర్తు ఉంటుంది. ఒకే యాక్సిల్ మీద ఎన్0 ఒకటి, ఎన్1 ఒకటి కలపకూడదు. ఒక టైరు చిరిగితే అదే గుర్తు ఉన్నది దొరకాలి, లేదంటే జత మార్చాలి. ఈ సైజులు ఇక్కడ షాపుల్లో స్టాకు ఉండవు, తెప్పించాలి. అందుకే బ్యాచ్ తేదీ తప్పకుండా చూసి దించుకోండి. సైడ్‌వాల్ మీద నాలుగంకెలు, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. 1422 అంటే 2022లో 14వ వారం. ట్రెడ్ నిండుగా ఉన్నా ఐదారేళ్లు దాటిన టైరుకి రబ్బరు గట్టిపడిపోతుంది, తడి రోడ్డు మీద పట్టుండదు. తక్కువ తిరిగిన స్పోర్ట్స్ కార్లకి ఇదే అసలు సమస్య, టైరు అరక్కుండానే ముసలిదవుతుంది.

చక్రం బోల్టులకి ఎయిర్ గన్ వద్దు. టార్క్ రెంచి (బిగింపు కొలిచే పాన) అడిగి మరీ వేయించుకోండి: 718కి 160 న్యూటన్ మీటర్లు, జెడ్4కి 140, ఆక్టేవియా, పోలోకి 120, ఫోర్డ్ మస్టాంగ్ నట్లకి 204. చక్రం తీసినప్పుడు హబ్ ముఖం మీది తుప్పుని వైరు బ్రష్‌తో తోమించండి. బీచ్ పక్కన ఉండే కార్లకి రిమ్ము హబ్బుకి అతుక్కుపోతుంది. అది విడిపించడానికి సుత్తితో కొట్టే కుర్రాడి చేతిలో రిమ్ము పోతుంది.

ఎండాడ_మలుపు | #4

చాలా థాంక్సండీ ఇద్దరికీ. మా అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు చూస్తే భయంగా ఉంది. కారు కొనకముందే, కారు తీసుకురాకుండానే దిగుతుందో లేదో తెలుసుకునే మార్గం ఉందా?

సిరిపురం_సివిల్ | #5

ఉంది. మేస్త్రీ దగ్గర మీటరు పొడవు రసమట్టం తీసుకోండి. ఒక కొస ర్యాంపు మీద ఆనించి, బుడగ మధ్యకి వచ్చేలా రెండో కొస గాలిలో పట్టుకోండి. ఆ కొస కింద ర్యాంపు దాకా ఖాళీ ఎంతో టేపుతో కొలవండి. 100 మి.మీ. వస్తే వాలు 1:10, అంటే 5.7 డిగ్రీలు. 125 వస్తే 1:8, అంటే 7.1. 167 వస్తే 1:6, అంటే 9.5.

ఇప్పుడు కారు. చూడాల్సినవి రెండు చోట్లు. ర్యాంపు కింద, వాలు సమతలంలో కలిసే చోట ముక్కు తగులుతుంది. ముందు టైరు నేలని తాకే బిందువు నుంచి బంపర్ కింది పెదవి దాకా అడ్డంగా ఎంత దూరం, పెదవి నేల నుంచి ఎంత ఎత్తు, ఈ రెండూ అమ్మేవాళ్ల దగ్గరే కొలుచుకోండి. ఉదాహరణకి దూరం 850, ఎత్తు 130 అనుకుంటే కోణం 8.7 డిగ్రీలు. అంటే 1:8 ర్యాంపుకి దిగుతుంది, 1:6 ర్యాంపుకి ముక్కు రాసుకుంటుంది. రెండోది ర్యాంపు పైన, రోడ్డు వాలుగా విరిగే చోట పొట్ట తగులుతుంది. 718 వీల్‌బేస్ 2,475 మి.మీ. పొట్ట కింద ఖాళీ 120 ఉంటే 11 డిగ్రీల విరుపు దాకా దాటుతుంది. ఫుల్ ట్యాంకు, ఇద్దరు మనుషులు ఎక్కితే 15 మి.మీ. దిగుతుందనుకోండి, అది 9.7కి వస్తుంది. అప్పుడు 1:6 ర్యాంపు మీద మిగిలేది 0.2 డిగ్రీలు, అంటే ఏమీ లేనట్టే.

ర్యాంపు నిటారుగా ఉంటే కూలగొట్టక్కర్లేదు. కింద కలిసే చోట 2 మీటర్ల పొడవున సగం వాలుతో, అంటే 1:12తో, కాంక్రీటు పోయించుకుంటే కోణం రెండు ముక్కలవుతుంది. అసోసియేషన్ ఒప్పుకోవాలి, అంతే. ఇంకొకటి, ర్యాంపు అడుగున వాన నీటి కాలువ మీద ఇనప జాలీ ఉంటుంది కదా, అది ఒక పక్క బరువు పడగానే రెండో పక్క లేస్తుంది. టైరు ఎక్కగానే లేచిన అంచు బంపర్ కింద ప్లాస్టిక్‌ని పట్టుకుని పీకేస్తుంది. జాలీని క్లాంపులతో బిగించండి. ఇది వాలు కంటే ఎక్కువ బంపర్లని తింటుంది.

పోనీ_వీ8 | #6

2016 జూలైలో ఇండియాకి వచ్చిన మస్టాంగ్ జీటీ, 5.0 వీ8, ఆరు గేర్ల ఆటోమేటిక్. మళ్లీ కొంటారా అంటే, ఇదొక్కటే కారుగా ఉండే ఇంట్లో కొనొద్దంటాను. ఇంకో కారు ఉంటే నిశ్చింతగా కొనండి.

ఇంజిన్‌కి వంక పెట్టలేం. టర్బో లేదు, ఇంటర్‌కూలర్ లేదు, 5డబ్ల్యూ-20 ఆయిల్ 7.6 లీటర్లు పోసి టైముకి మారిస్తే చాలు. చిక్కంతా పార్టులు. ఫోర్డ్ 2021 సెప్టెంబరులో ఇండియాలో తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. సర్వీసు సాగుతోంది కానీ మస్టాంగ్ పార్టులు షెల్ఫులో ఉండవు. ఇక్కడ రెండు రకాలు విడగొట్టి చూడాలి. ఫిల్టర్లు, ప్లగ్గులు, బ్రేక్ ప్యాడ్లు, వాటర్ పంపు, డోర్లు, బానెట్ ఇవి అమెరికా కారువే సరిపోతాయి, సులువుగా వస్తాయి. స్టీరింగ్ ర్యాక్, డ్యాష్‌బోర్డు, వైపర్ లింకేజీ, హెడ్‌లైట్లు ఇవి కుడిచేతి స్టీరింగ్‌కి వేరు. వీటిని బ్రిటన్ నుంచో ఆస్ట్రేలియా నుంచో తెప్పించాలి. అమెరికా హెడ్‌లైట్ చవగ్గా దొరికిందని బిగిస్తే కాంతి ఎదుటివాళ్ల కళ్లలో పడుతుంది.

వైజాగ్‌లో ప్రత్యేకంగా చూడాల్సింది బానెట్. అది అల్యూమినియం. ముందు అంచు కింద రేకు మడత పెట్టిన చోట ఉప్పు చేరి పెయింటు బుడగలు లేస్తుంది. బానెట్ ఎత్తి, ఆ మడత మీద వేలు నడిపించండి, కంటికి కనపడకముందే చేతికి గరుగ్గా తగులుతుంది. పైపైన రుద్ది పెయింటేస్తే తిరిగి లేస్తుంది. మడత దాకా గీకి, అల్యూమినియానికి సరిపడే ప్రైమర్ వేసి, సీలర్‌తో ఆ మడత మూయాలి. స్టీలు గీకిన ఎమెరీ కాగితం దీనికి వాడనివ్వకండి, ఇనప రజను అల్యూమినియంలో దిగి మళ్లీ అక్కడే మొదలవుతుంది.

వెడల్పు 1,916 మి.మీ., అద్దాలు కాకుండా. పార్కింగ్ గీతల మధ్య 2.5 మీటర్లుంటే తలుపు తెరవడానికి రెండు పక్కలా కలిపి 58 సెం.మీ. మిగులుతుంది. ఒక పక్క స్తంభం ఉంటే ఇంకో పక్క నుంచే దిగాలి.

కంచరపాలెం_షెడ్ | #7

మిగతావాళ్లు ఒక్కో కారు గురించి చెప్పారు, నేను ఉప్పు గురించి చెప్తాను. ఏ కారైనా ఇదే వర్తిస్తుంది.

బీచ్ రోడ్డు నుంచి రుషికొండ, భీమిలి దాకా ఆ వరసలో ఉండేవాళ్లు పదిహేను రోజులకోసారి కారు అడుగుభాగం కడిగించాలి. ఏ నీళ్లతో కడుగుతున్నారన్నది ముఖ్యం. సముద్రానికి దగ్గర బోరు నీళ్లే ఉప్పగా ఉంటాయి, వాటితో కడిగితే ఉప్పు వదలదు, కొత్త ఉప్పు పూసినట్టే. ఆర్వో మిషన్ వదిలే వేస్టు నీళ్లయితే ఇంకా ఘోరం. కుళాయి నీళ్లు వాడండి. నీళ్లలో కరిగిన ఉప్పులు కొలిచే టీడీఎస్ మీటరు తక్కువకే దొరుకుతుంది, వాటర్ సర్వీసింగ్ షెడ్డులో బకెట్లో ముంచి చూస్తే ఎవరూ కాదనరు.

కడిగాక వెంటనే కవరు కప్పి పెట్టకండి. నాలుగైదు కిలోమీటర్లు తిప్పి, మెల్లగా బ్రేకు నొక్కుతూ డిస్కులు ఆరనివ్వండి. తడిగా పార్క్ చేస్తే తెల్లారేసరికి ప్యాడు డిస్కుకి అతుక్కుంటుంది. కదిలేటప్పుడు టక్కుమని శబ్దం వచ్చి ప్యాడు పొర డిస్కు మీద మచ్చగా మిగులుతుంది, ఆ తర్వాత బ్రేకు వేస్తే స్టీరింగ్ వణుకుతుంది. ప్లాస్టిక్ కవరు అసలు వద్దు, తేమ లోపలే ఉండిపోతుంది. గాలాడే గుడ్డ కవరు, అదీ దుమ్ము కడిగిన కారు మీదే. జ్ఞానాపురం, కాన్వెంట్ జంక్షన్ వైపు పోర్టు దుమ్ము పడ్డ కారుని పొడిగుడ్డతో తుడవడమంటే ఉప్పుకాగితంతో రుద్దడమే. ముందు నీళ్లు పోయాలి, తర్వాతే గుడ్డ.

అండర్‌కోటింగ్: నల్ల రబ్బరు రకం చాలామంది కొట్టేస్తారు. అది ఎండిపోయి పగిలాక నీళ్లు లోపలికి దిగుతాయి, బయటికి రావు, రేకు లోపల తినేస్తూ పోతుంది, పైకి నల్లగా నిగనిగలాడుతూనే ఉంటుంది. మైనం గానీ లానోలిన్ గానీ ఆధారంగా ఉండే రకం కొట్టించండి. గీసినా మళ్లీ జరిగి మూసుకుంటుంది, ఏడాదికోసారి పైన ఇంకో చేయి వేస్తే సరి. డిస్కుల మీద, సైలెన్సర్ మీద, ఆక్సిజన్ సెన్సార్ల మీద, రబ్బరు బుష్‌ల మీద పడకుండా కవర్లు కట్టి కొట్టాలి.

ఈ కార్లలో సస్పెన్షన్ చేతులు అల్యూమినియం, బోల్టులు స్టీలు. రెండు లోహాల మధ్య ఉప్పు నీళ్లు చేరితే అల్యూమినియమే తినబడుతుంది, బోల్టు లోపల కరిచిపట్టుకుంటుంది. దానికి చాలామంది మరలకి గ్రీజు రాసి బిగిస్తారు. ఆ పని చేయకండి. గ్రీజు రాసిన మరకి పొడి మర టార్క్ వేస్తే బోల్టు అవసరానికి మించి సాగుతుంది. వీటిలో చాలావాటిని ఒకసారి విప్పితే కొత్తది వేయాల్సిందే. పద్ధతేంటంటే, కొత్త బోల్టు పొడిగా, సరైన టార్క్‌తో బిగించి, ఆ తర్వాత బయట కనిపించే తల మీద, మర కొస మీద మైనం కొట్టడం.

డ్యాష్‌బోర్డు మీద సంబంధం లేని లైట్లు వెలుగుతుంటే సెన్సార్లు మార్చుకుంటూ పోకముందు ఎర్త్ వైర్లు చూడండి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు బ్యాటరీ నెగటివ్‌కీ ఇంజిన్ బ్లాకుకీ మధ్య మల్టీమీటర్ పెట్టండి. 0.2 వోల్టు దాటితే ఎర్త్ చోటు తుప్పు పట్టినట్టే.

ఆర్ఎస్230_మధురవాడ | #8

ఎండాడ గారూ, మీకు ఆక్టేవియా ఆర్ఎస్సే సరి. 2017లో వచ్చిన ఆర్ఎస్230, 2.0 టీఎస్ఐ, 350 న్యూటన్ మీటర్లు, ఆరు గేర్ల తడి క్లచ్ డీఎస్జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్). మళ్లీ అదే కొంటాను, ఏమీ మార్చకుండా. మామూలు ఆక్టేవియా, సూపర్బ్ పార్టులు సగానికి సగం కలుస్తాయి, హైదరాబాద్ పరుగెత్తక్కర్లేదు. 2025లో 265 పీఎస్‌తో కొత్త ఆర్ఎస్ 100 కార్లే వచ్చాయి, అది దొరికితే అదృష్టం.

తెలిసిన జబ్బు ఒక్కటే, థర్మోస్టాట్, వాటర్ పంపు కలిసున్న ప్లాస్టిక్ హౌసింగ్. వేడికి అది వంగి, సీలు దగ్గర కూలెంట్ చెమర్చుతుంది. కింద చుక్క పడదు, వేడికి అక్కడే ఎండిపోతుంది. ఇంటేక్ మానిఫోల్డ్ కింద టార్చి వేసి చూస్తే గులాబీ రంగు పొడి గట్టిపడి కనపడుతుంది. రిజర్వాయర్‌లో మట్టం గరిష్ఠ గీత నుంచి నెమ్మదిగా దిగుతుంటే నీళ్లు పోస్తూ కాలం గడపకండి. మొత్తం మాడ్యూల్ మార్చండి, పంపుని తిప్పే చిన్న పళ్ల బెల్టు కూడా దాంతోనే. బోల్టులకి 9 న్యూటన్ మీటర్లే, చెప్పిన వరసలో. చేతి అంచనాతో బిగిస్తే కొత్త హౌసింగ్ కూడా వంగుతుంది.

డీఎస్జీ ఆయిలు, ఫిల్టరు 60,000 కిలోమీటర్లకి. సెకండ్ హ్యాండ్ కారుకి ఆ బిల్లు లేకపోతే కొన్న వారమే మార్పించండి.

జీటీఐ_సింహాచలం | #9

పోలో జీటీఐ (1.8) చూసేవాళ్లకి ఒక మాట. దాన్లో ఉన్నది పొడి క్లచ్ డీక్యూ200, పైన చెప్పిన తడి క్లచ్ కాదు. మెకట్రానిక్ (గేర్లు మార్చే కంట్రోల్) యూనిట్‌లో ఆయిల్ ప్రెషర్ నిలవుంచే అక్యుమ్యులేటర్ దగ్గర పగులొస్తే ఆయిల్ ప్రెషర్ పోతుంది. గేరు గుర్తులు మిణుకుమిణుకుమంటాయి, సరి గేర్లో బేసి గేర్లో పూర్తిగా మాయమవుతాయి. సింహాచలం ఘాట్‌లో ట్రాఫిక్ ఆగినప్పుడు యాక్సిలరేటర్‌తో కారుని వాలు మీద నిలబెట్టకండి, క్లచ్ కాలేది అక్కడే. బ్రేకు పూర్తిగా నొక్కండి, క్లచ్ విడిపోతుంది. కారు సరదాకి సాటి లేదు. గేర్‌బాక్స్ రిపేరుకి డబ్బు పక్కన పెట్టుకోగలిగితే మళ్లీ కొనొచ్చు, లేదంటే ఆర్ఎస్.

పాలసీ_పేపర్ | #10

ఇక్కడ తుపాను గురించి ఎవరూ ఎత్తలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ దాటినప్పుడు ఊళ్లో కార్ల మీద చెట్లు పడ్డాయి, రోజుల తరబడి కరెంటు లేదు. వైజాగ్‌లో ఈ ధర కారుకి పాలసీ చదవకుండా సంతకం పెట్టకూడదు.

జీరో డెప్ (పార్టుల తరుగుదల కోయని యాడ్ ఆన్) లేకపోతే క్లెయిమ్‌లో రబ్బరు, ప్లాస్టిక్, బ్యాటరీ, ఎయిర్‌బ్యాగుల మీద 50 శాతం, ఫైబర్ గ్లాస్ మీద 30 శాతం మీరే భరించాలి. అద్దాలకి కోత లేదు. ఈ కార్ల బంపర్లన్నీ ప్లాస్టిక్కే, కాబట్టి జీరో డెప్ తప్పదు. అయిదేళ్లు దాటిన కార్లకి ఆ కవరు ఇవ్వడానికి చాలా కంపెనీలు వెనకాడతాయి, కొనకముందే కొటేషన్ తీసుకోండి. ఐడీవీ (కారుకి కంపెనీ కట్టే బీమా విలువ) నాలుగైదేళ్ల మధ్య కారుకి 50 శాతం తరుగుదలతో కడతారు, ఐదేళ్లు దాటితే ఇద్దరూ మాట్లాడుకుని నిర్ణయించాలి. ఇక్కడ బేరం ఆడండి. ప్రీమియం తగ్గుతుందని ఐడీవీ తగ్గించుకుంటే టోటల్ లాస్ రోజున నష్టం మీదే.

ఇంజిన్ ప్రొటెక్షన్ విడిగా తీసుకోండి. సెల్లార్లో నీళ్లు చేరి కారు మునిగితే స్టార్ట్ చేయకండి, ఇగ్నిషన్ కూడా ఆన్ చేయకండి. నీళ్లు సిలిండర్లోకి పోయాక సెల్ఫ్ కొడితే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. అది వరద నష్టం కాదు, మీరు చేసుకున్న నష్టమని మామూలు పాలసీ పక్కకి పెడుతుంది. ఫొటోలు తీసి, నీటి మట్టం గుర్తు కనపడేలా, కంపెనీకి చెప్పి ఫ్లాట్‌బెడ్ పిలవండి. హెచ్చరిక రాగానే కారుని చెట్టు కింద నుంచీ సెల్లార్ నుంచీ తీసి ఎత్తయిన పక్కా పార్కింగ్‌లో పెట్టడం అన్నిటికంటే చవక.

జెడ్4_భీమిలి | #11

ఎం40ఐ. ఇంజిన్, జెడ్‌ఎఫ్ ఎనిమిది గేర్లు, వీటి కోసం వందసార్లయినా కొంటాను. గుడ్డ టాపు ఒక్కటే ఆలోచింపజేస్తుంది. 50 కిలోమీటర్ల వేగం దాకా కదులుతూనే పది సెకన్లలో తెరుచుకుంటుంది, బీచ్ రోడ్డులో అంతకంటే సుఖం లేదు. కానీ టాపు మడత అడుగున నీళ్లు పోయే గొట్టాలుంటాయి. సరుగుడు ఆకు, ఇసుక వాటిని మూసేస్తాయి. వాన నీళ్లు వెనక్కి తన్ని లోపలికి దిగుతాయి. పాత జెడ్4 (ఈ85 మోడల్)లో టాపు మోటారు మునిగి పాడయ్యేది సరిగ్గా దీనివల్లే. వానాకాలం ముందు ఒక గ్లాసు నీళ్లు నెమ్మదిగా పోసి కింద నుంచి కారుతున్నాయో లేదో చూడండి. మూసుకుంటే మెత్తని నైలాన్ తీగ దూర్చండి. కంప్రెసర్ గాలి కొడితే గొట్టం లోపల ఊడిపోతుంది, అది తిరిగి బిగించాలంటే సగం కారు విప్పాలి.

గుడ్డ మీద ఉప్పుచారలు పడితే సబ్బు కాదు, ముందు మంచినీళ్లు, మెత్తని బ్రష్, ఆరాక నీరంటని స్ప్రే. తడిగా మడవకండి, బూజు పడుతుంది.

బ్యాటరీ మారిస్తే కంప్యూటర్లో రిజిస్టర్ చేయించాలి, లేకపోతే పాత బ్యాటరీ అనుకుని చార్జింగ్ చేసి కొత్తదాన్ని తొందరగా చంపేస్తుంది. వారాల తరబడి ఆగే కారుకి బ్యాటరీ మెయింటెనర్ తగిలించి ఉంచండి, ఏజీఎం రకం బ్యాటరీకి మోడ్ ఉన్నదే.

మల్కాపురం_ఆక్టేన్ | #12

పెట్రోలు గురించి కొద్దిగా. మన ఊళ్లోనే హెచ్‌పీసీఎల్ రిఫైనరీ ఉంది, 95 ఆక్టేన్ ప్రీమియం పెట్రోలుకి కొరత లేదు. ఈ టర్బో ఇంజిన్లకి అది కనీసం అనుకోండి. ఇథనాల్ మాట: ట్యాంకు మూత వెనక స్టిక్కర్ మీద ఈ10 (10 శాతం ఇథనాల్) అనుందా, ఈ20 అనుందా చూసి కొనండి. ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది, మన గాలిలో తేమకి లోటు లేదు. నెల పైన ఆపితే ట్యాంకు నింపి ఆపండి, పైన గాలికి చోటుండదు. బ్రేక్ ఆయిల్ కూడా ఇంతే. డాట్4 కొత్తది కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక 155కే మరగొచ్చు. రెండేళ్లకోసారి మామూలు లెక్క. ఎస్.కోట మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కి దిగేవాళ్లు ఏడాదికే మార్చండి. దిగేటప్పుడు డీలో వదలకుండా మాన్యువల్‌లో కింది గేరు పట్టుకోండి.

ఎండాడ_మలుపు | #13

ఇన్ని వివరాలు ఒక్కచోట ఎక్కడా చూడలేదు, అందరికీ దండాలు. సెల్లార్ కొలిచాను, మీటరుకి 120 మి.మీ. వచ్చింది. కాబట్టి 718 బేస్ మోడల్ వైపే మొగ్గుతున్నాను. బెంగళూరులో ఒకటి ఉంది, 18 అంగుళాలు, పీఏఎస్ఎం లేదు. పేపర్లు, తనిఖీ ఎలా చేయాలో చెప్తారా?

పాలసీ_పేపర్ | #14

పేపర్లు: అక్కడి ఆర్టీవో నుంచి ఫారం 28తో ఎన్ఓసీ, అమ్మకానికి ఫారం 29, 30, ఇక్కడ కొత్త నంబరుకి ఫారం 27. లోన్ ఉండుంటే బ్యాంకు ఎన్ఓసీ, ఫారం 35 కూడా. వేరే రాష్ట్రం బండిని 12 నెలలకి మించి ఇక్కడ ఉంచితే రిజిస్ట్రేషన్ మార్చాల్సిందే. ఏపీ లైఫ్ ట్యాక్స్ మొదటి ఇన్వాయిస్ ధర మీద, బండి వయసు చూసి కడతారు. మీరు కొన్న ధర మీద కాదు. కాబట్టి ఒరిజినల్ ఇన్వాయిస్ కాపీ చేతికి రాకుండా అడ్వాన్స్ ఇవ్వకండి, ఆ ట్యాక్స్ మొత్తం ధరలో కలుపుకునే బేరం ఆడండి.

వాల్తేరు718 | #15

120 అంటే 1:8 కంటే మెత్తని వాలే, పర్వాలేదు.

బెంగళూరులోనే పోర్షే సెంటర్‌లో కొనుగోలుకి ముందు తనిఖీ చేయించండి. కంప్యూటర్ ప్రింటు అడగండి. అందులో ఇంజిన్ నడిచిన గంటలుంటాయి. కిలోమీటర్లని ఆ గంటలతో భాగించండి. బెంగళూరు ట్రాఫిక్‌లో తిరిగిన కారుకి 20-25 వస్తే సహజం. 8, 10 వచ్చిందంటే మీటరు తిప్పారేమో, గంటల కొద్దీ ఆపి ఇంజిన్ నడిపారేమో గట్టిగా ఆరా తీయండి. 60, 70 వస్తే హైవే కారు, సంతోషించండి.

కింద ప్లాస్టిక్ ట్రేలన్నీ విప్పించండి. అమ్మేవాళ్లు వద్దంటే అక్కడితో ఆగిపోండి. పీడీకే గేర్‌బాక్స్ అతుకుల దగ్గర తడి ఉందా, కూలెంట్ గొట్టాల దగ్గర తెల్లటి మరకలున్నాయా చూడాలి. బ్రేక్ డిస్కు మీద కనిష్ఠ మందం అచ్చు వేసి ఉంటుంది, కాలిపర్‌తో కొలిచి పోల్చండి. బయటి అంచున గట్టు కనపడితే డిస్కులు మార్చే సమయం దగ్గరపడింది. ఆయిల్ ఏటేటా, బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి మార్చిన బిల్లులు వరసగా ఉండాలి. తక్కువ తిరిగింది కదా అని ఆయిల్ మార్చని ఏడాది ఉంటే ధర తగ్గించమనండి. నాలుగు టైర్ల తేదీలు, నాలుగింటి మీదా ఎన్ గుర్తులు రాసుకోండి. ముందు బంపర్ నోట్లో టార్చి వేసి కండెన్సర్ ఫిన్నుల ఫొటో తీయించండి. అక్కడ తెల్లగా పొడిపొడిగా ఉంటే రెండు కండెన్సర్ల ఖర్చు ధరలోంచి తీసేయాలి.

నడిపి తెచ్చుకోవాలనిపిస్తుంది, కానీ ఈ కారులో స్టెప్నీ లేదు, పంచర్ మందు సీసా, చిన్న కంప్రెసర్ మాత్రమే. సైడ్‌వాల్ చిరిగితే అవి పనికిరావు, ఆ సైజు టైరు దారిలో దొరకదు. ఫ్లాట్‌బెడ్ మాట్లాడండి, పైన కప్పున్నదైతే మేలు. ఎక్కించేటప్పుడు చెక్క పలకలు వేసి వాలు తగ్గించమనండి. బెల్టులు చక్రాల చుట్టూ కట్టాలి. సస్పెన్షన్ చేతులకి కొక్కేలు తగిలిస్తే దింపాక అలైన్‌మెంట్ దగ్గర తేలుతుంది. ఎక్కించిన చోటా దింపిన చోటా నాలుగు రిమ్ములు, బంపర్ అడుగు వీడియో తీయించండి. దింపాక మొదటి పని గాజువాక గారి దగ్గర బోల్టులు 160కి చెక్ చేయించడం, రెండోది అడుగున మైనం కొట్టించడం. ఇప్పటిదాకా సముద్రం చూడని కారు కాబట్టి లోహం శుభ్రంగా ఉంటుంది, ఆ పని మొదటి వారంలోనే అయిపోవాలి.